మ్యాకీ అరీనాలో స్టూడెంట్ సీటు: రెండు సీజన్లు నిలబడి చూశాను

అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి వస్తున్న మన పిల్లలు నన్ను ఏటా అడుగుతారు, "అన్నా, బాస్కెట్‌బాల్ సీజన్ టికెట్ కొనాలా వద్దా?" అని. కళ్లు మూసుకుని కొనండి. 2021 ఫాల్‌లో వచ్చిన నేను రెండు సీజన్లు యూనివర్సిటీ ఆటస్థలం మ్యాకీ అరీనాలో స్టూడెంట్ సెక్షన్‌లో, అంటే పెయింట్ క్రూ అనే విద్యార్థుల గుంపులో ఉన్నాను. వచ్చేనాటికి నాకు ఈ ఆటలో ఫౌల్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలీదు.

నాకు ఆట నేర్పింది పదిహేనో నంబర్ కుర్రాడు, జాక్ ఎడీ. ఊరు కెనడాలోని టొరంటో. 7 అడుగుల 4 అంగుళాలు. చిన్నప్పుడు ఐస్ హాకీ, బేస్‌బాల్ ఆడేవాడు. హైస్కూల్ రెండో ఏడు వరకు బాస్కెట్‌బాల్ జోలికే పోలేదు. పర్‌డ్యూలో చేరినప్పుడు కాలేజీ జట్లు ఎంచుకునే హైస్కూల్ ఆటగాళ్ల (రిక్రూట్‌ల) జాబితాల్లో అతని పేరు ఎక్కడో అడుగున ఉండేది.

నా మొదటి సీజన్‌లో ఆట అతనితోనే మొదలయ్యేది, కానీ కాసేపటికే జట్టులోని మరో ఆటగాడు ట్రెవియన్ విలియమ్స్ వచ్చి ఆ చోటు తీసుకునేవాడు. ఎడీ ఆడింది మ్యాచ్‌కి సగటున 19 నిమిషాలు. ఆ 19 నిమిషాల్లోనే 14.4 పాయింట్లు. కింది వరసల్లోంచి చూస్తే అతని అలసట కూడా కనిపించేది. విజిల్ పడగానే నడుం వంచి, నిక్కరు అంచులు రెండు చేతులతో పట్టుకుని ఊపిరి తీసుకునేవాడు. ముంజేతుల మీద ఎర్రగా గీతలు. ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు ముగ్గురు మీద వేలాడుతున్నా చిరాకు పడకుండా, ఫౌల్ అయ్యాక అడ్డు లేకుండా బంతి వేసే ఫ్రీ త్రో గీత దగ్గరికి నడిచి వెళ్లేవాడు.

రెండో సీజన్‌కి మనిషే మారిపోయాడు. విలియమ్స్ వెళ్లిపోయాడు, భారమంతా ఇతని మీదే పడింది. ఆట మొత్తం పరిగెత్తుతున్నా ఆయాసం లేదు. రింగుకి దగ్గరగా వీపుతో డిఫెండర్‌ని కాచుకుని, ఒక చెయ్యి ఆకాశంలోకి ఎత్తి పెట్టేవాడు. ఆ ఏడే వచ్చిన బ్రేడెన్ స్మిత్ బంతిని సరిగ్గా ఆ చేతికి విసిరేవాడు. ఎడీ దాన్ని కిందికి దించేవాడు కాదు. అదే ఎత్తు నుంచి తిరిగి కుడి చేత్తో తల మీదుగా వంపుగా బంతి వేసే హుక్ షాట్ కొట్టేవాడు. బంతి భుజాల కిందికి వస్తే పొట్టి గార్డులు చెయ్యి పెట్టి లాగేస్తారని మొదటి ఏడాదిలో నేనే చూశాను. ఆ తప్పు అతను ఎలా దిద్దుకున్నాడో కూడా అదే చోట నిలబడి చూశాను. 2023 జనవరిలో మిషిగన్ స్టేట్ మీద 38 పాయింట్లు కొట్టిన రోజు నా గొంతు రెండు రోజులు రాలేదు. ఆ సీజన్ సగటు 22.3 పాయింట్లు, 12.9 రీబౌండ్లు (గురి తప్పిన బంతుల్ని అందుకోవడం). దేశంలో ఉత్తమ ఆటగాడు అతనే.

అతనూ మనలాగే స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. కానీ అమెరికన్ సహచరుల్లా ఇక్కడ ప్రకటనల్లో పనిచేసి డబ్బు తీసుకోవడానికి అతనికి వీసా నిబంధనలు అడ్డొచ్చాయి. వారానికి ఇరవై గంటల క్యాంపస్ ఉద్యోగం చేసుకుంటూ, ఒక్క గంట ఎక్కువైతే ఏమవుతుందోనని భయపడే మాకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అది తెలిసిన రోజు గుండె కలుక్కుమంది. ఆ తర్వాత అతని కోసం ఇంకాస్త గట్టిగా అరిచాను.

అరీనా గురించి కూడా చెప్పాలి. గుండ్రటి కట్టడం, పైన గోపురం లాంటి కప్పు, లోపల 14 వేలకు పైగా జనం. అరుపు కప్పుకి తగిలి తిరిగి మన నెత్తి మీదే పడుతుంది. 1967లో కాలిఫోర్నియాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీ జట్టుతో ఆటతో మొదలైన చోటు ఇది. ఆ జట్టు కోచ్ జాన్ వుడెన్ చదువుకుంది పర్‌డ్యూలోనే. ఆట అయ్యేదాకా ఎవరూ కూర్చోరు, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. జనవరి చలిలో లైన్లో నిలబడాలంటే గ్లోవ్స్ తప్పనిసరి.

చదువయ్యాక, 2023-24 సీజన్‌లో ఒక మ్యాచ్‌కి రీసేల్ యాప్‌లో టికెట్ కొన్నాను. 60 డాలర్లని చూపించి, ఫీజులన్నీ కలిపి చివరికి 80 దాటించారు. ఆ యాప్‌కి నేను ఒక్క స్టారే ఇస్తాను. సీటు చాలా పైన. అక్కడి నుంచి చూస్తే ఎడీ మామూలు ఎత్తు మనిషిలా ఉన్నాడు. ముంజేతుల మీద గీతలున్నాయో లేదో కూడా తెలియలేదు.

ఆ ఏప్రిల్‌లో దేశపు కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ని ఇంట్లో టీవీలో చూశాను. కనెక్టికట్ 75, పర్‌డ్యూ 60. అందులో 37 ఎడీవే. ఆట అయిపోయాక తెర మీద అతను మళ్లీ నడుం వంచి నిక్కరు అంచులు పట్టుకుంటాడేమోనని చూశాను. నిటారుగానే నడిచి వెళ్లాడు.