ఆరేళ్ళుగా నా దగ్గరున్న లయోల్ చాకు

ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఒబ్రాక్ పీఠభూమి మీదున్న లయోల్ ఊరికి కారేసుకుని వెళ్ళి ఈ మడత చాకు కొన్నాను. స్పెల్లింగ్ చూస్తే లగియోల్ అనిపిస్తుంది కానీ ఆ ఊరివాళ్ళు పలికేది లయోల్ అనే. ఆవు కొమ్ము పిడి, ధర 190 యూరోలు. చాకుకి అంత డబ్బా అని ఇంట్లో అడిగారు. వాళ్ళ చేతికిచ్చి ఒకసారి తెరవమన్నాను, అంతే.

నన్ను కట్టిపడేసింది దాని స్ప్రింగ్. దీనికి లాక్ ఉండదు. పిడి వెన్ను పొడవునా ఉన్న ఒకే ఒక్క ఉక్కు పట్టీ బ్లేడుని తెరిచినప్పుడూ మూసినప్పుడూ పట్టి ఉంచుతుంది. గోటితో లాగితే సగం దాకా బరువుగా వస్తుంది, ఆపైన దానంతటదే టక్కుమని నిలబడుతుంది. ఆ పట్టీ కొసన తేనెటీగ బొమ్మ ఉంటుంది. చవక రకాల్లో దాన్ని విడిగా చేసి అతికిస్తారు. నా దాంట్లో ఈగా, స్ప్రింగూ ఒకే ఉక్కు ముక్క. వెన్ను మీది ఆకుల నగిషీ ఆకురాయితో చేత్తో చెక్కింది. ఎడమవైపు మూడో ఆకు మిగతావాటి కంటే కొంచెం లోతు తక్కువ. చీకట్లో తడిమినా నా చాకుని గుర్తుపట్టేది దాంతోనే.

మూడో ఏడాది మేలో తెనాలి తీసుకెళ్ళాను (చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి, మర్చిపోకండి). నాన్న బంగినపల్లి కోసి, "భలే ఉందిరా దీని పట్టు" అని, బ్లేడు తుడిచి, ఒక్క వేలితో తోసి వదిలేశారు. ఠప్పుమని మూసుకుంది. ఆ శబ్దం విని ఇద్దరం సంతోషించాం కూడా. మర్నాడు టమాటా కోస్తుంటే తొక్క ఒకేచోట పట్టుకుంటోంది. అంచుని పైకి తిప్పి దీపానికెదురుగా చూస్తే నడిమధ్యన ఆవగింజంత మెరుపు కనబడింది. పదునున్న అంచు అలా మెరవదు, నొక్కు పడితేనే మెరుస్తుంది. "నేనే పాడుచేశానా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. నాకు చాలా బాధేసింది. అమ్మినవాళ్ళు ఒక్క ముక్క చెప్పుంటే ఇలా అయ్యేది కాదు. ఈ కోపం నాకింకా పోలేదు.

ఫ్రాన్స్ తిరిగొచ్చాక లయోల్‌లోనే చాకులు చేసే ఒక చిన్న పనివాడి కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన బ్లేడు తెరిచి చూసి, నేనేమీ చెప్పకముందే, చేత్తో వదిలేసినట్టు సైగ చేసి చూపించారు. అలా వదిలేస్తే, బ్లేడు అంచు పిడి లోపల స్ప్రింగ్‌కి తగులుతుందట. తడి రాయి మీద ఓపిగ్గా సానపట్టి నొక్కు తీసేశారు. ఆ తర్వాత నా చేత ఇరవైసార్లు మూయించారు. బ్లేడు వీపుని వేళ్ళతో చివరిదాకా పట్టుకుని దించాలి, వదలకూడదు. డబ్బులిస్తే తీసుకోలేదు. అప్పట్నుంచి మళ్ళీ నొక్కు పడలేదు. కాకపోతే బ్లేడు వెడల్పు ఒక వెంట్రుకవాసి తగ్గింది, అది నాకొక్కడికే కనిపిస్తుంది.

నాన్నకి ఆలివ్ చెక్క పిడిది ఒకటి కొనిచ్చాను. చాకు పుచ్చుకున్నవాళ్ళు స్నేహం తెగకుండా ఒక నాణెం తిరిగివ్వడం ఫ్రాన్స్‌లో ఆచారం. ఆ మాట చెప్పగానే, "మనం ఉప్పు చేతికివ్వం కదా, అలాంటిదే" అంటూ రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టారు.

కొమ్ము పిడికి ఏమీ కాదని మొదట్లో స్నేహితులందరికీ చెప్పాను. రెండు తెనాలి ఎండాకాలాలు చూశాక అది నలుసంత కుంచించుకుపోయింది, ఇత్తడి కట్టు దగ్గర గోరు తగులుతోంది. నూనె రాస్తున్నాను. పదును కూడా నేను చెప్పినన్ని రోజులు నిలవట్లేదు, మూడు వారాలకోసారి రాయి మీద రుద్దాలి.

నాకు మూడు గంటల ప్రయాణంలో బాగుచేసే మనిషి ఉన్నాడు. పళ్ళు, రొట్టె, చీజ్ తప్ప వేరేవి కోయను. ఇంట్లో పిల్లలు లేరు. ఇలా కుదిరినవాళ్ళు కొనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో ఉంటూ రోజూ కూరగాయలు తరగడానికైతే నేను కొననివ్వను. మన ఎండలకి తీసుకెళ్ళేదైతే కొమ్ము వద్దు, చెక్క పిడి తీసుకోండి. నాన్న దానికి ఇప్పటిదాకా ఏ తేడా రాలేదు.