ఓడదొంగ మజిమా: తీరిగ్గా ఆడాక నా మాట

లైక్ ఎ డ్రాగన్: పైరేట్ యాకుజా ఇన్ హవాయీ అనే వీడియో గేమ్ ఫిబ్రవరి 2025లో వచ్చింది. ముఖ్యకథ ఎప్పుడో అయిపోయినా, బరంపురంలో మా ఇంట్లో ఆ డిస్కు ఇంకా పీఎస్ 4 గేమ్ మెషీన్‌లోనే ఉంది.

యాకుజా, అంటే జపాన్ ముఠా మనిషి, గోరో మజిమా గతమంతా మరిచిపోయి రిచ్ దీవి ఒడ్డుకు కొట్టుకొస్తాడు. నోవా అనే పిల్లాడు కాపాడతాడు. వాడు పెంచుకునే పులిపిల్ల పేరూ గోరోనే. ఇక ఓడ, మనుషులు, నిధి. హీరోకే ఏదీ గుర్తులేదు కాబట్టి ఈ సిరీస్ ముట్టనివాళ్లు కూడా ఇక్కడే మొదలెట్టొచ్చు. అయితే ఇదే సిరీస్‌లో 2024లో వచ్చిన ఇన్ఫినిట్ వెల్త్ ఆడే ఉద్దేశం ఉంటే ముందు అది కానివ్వండి, దాని గుట్టంతా ఇందులో బయటపడిపోతుంది.

మజిమా కొట్లాటకి రెండు పద్ధతులున్నాయి, నాకు ప్రాణం సీ డాగ్ పద్ధతి. రెండు కత్తులూ విసిరితే గిర్రున తిరుగుతూ గుంపునంతా కోసుకుని మళ్లీ చేతికొస్తాయి. వెంటనే గొలుసు కొక్కెం వేసి, దూరంగా తుపాకీ పట్టుకున్నవాడి మీదకి ఎగిరి దూకడమే. ఎన్నిసార్లు చేసినా ఆ దూకుడు పాతబడదు. మ్యాడ్ డాగ్ పద్ధతి ఇంకా వేగం, కానీ నేను అవసరపడితేనే దానికి మారతాను.

ఓడ పేరు గోరోమారు. మాకు గోపాలపూర్ దగ్గరే, అక్కడి మన తెలుగు జాలర్లు కెరటానికి ఎదురు పడవ తిప్పడానికి పడే పాట్లు తెలుసు. ఇందులో ఆ బరువు లేదు. పక్కన కూర్చున్న తమ్ముడు మొదటిరోజే అన్నాడు: “ఏటన్నా ఇది, ఓడ కార్నాగ తిరిగిపోతంది!” నిజమే, ఆ సరదా కోసమే అలా చేశారు. మజిమా చుక్కాని వదిలేసి డెక్ మీదకొచ్చి రాకెట్ లాంచర్ ఎత్తుకున్నప్పుడు మా వాడు మంచం మీంచి లేచి నిలబడిపోయాడు. శత్రు కెప్టెన్ ఓడ చితికాక మనవాళ్లంతా దాని మీదకి దూకి కొట్టుకుంటారు. మన ఓడ మనుషుల్ని హవాయీలోని హోనలులు వీధుల్లో, దీవుల్లో ఒక్కొక్కరినే పోగుచేసుకుంటాం. ఒకడికి డబ్బు, ఒకడికి కావలసిన వస్తువు, ఇంకొకడికి చిన్న సాయం. నా గంటలన్నీ దానికే పోయాయి, సంతోషంగానే.

హాస్యం ఎందుకు పండిందంటే ఎవరూ నవ్వించాలని చూడరు. ఎంత పిచ్చి పని చేస్తున్నా వాళ్ల ముఖాల్లో పట్టుదలే కనిపిస్తుంది. నోవాతో మజిమా మాట్లాడే సన్నివేశాల్లో మాత్రం నాకు గొంతు పట్టేసింది.

లోట్లున్నాయి. చిన్న దీవులన్నీ ఒక్కలాగే ఉంటాయి: దిగు, కొట్టు, పెట్టె తెరువు. మినాటో అమ్మాయిలని ఆటలో కొందరుంటారు, నిజం ఆడవాళ్లతో తీసిన వాళ్ల వీడియోలు సాగాయి, వాటిని దాటెయ్యాలనిపించింది. తెలుగు సబ్‌టైటిళ్లు లేవు. తమ్ముడికి ఇంగ్లీషు అంత వేగంగా చదవడం రాదు, అందుకని పక్కనుండి నేను తెలుగులో చెబుతుంటాను. రక్తం, తాగుడు, బూతు ఉన్న ఆట. చిన్నపిల్లలు ఇంట్లో తిరుగుతుంటే పెట్టకండి.

కొంటే మాటలు జపనీస్‌లోనే ఉంచుకోండి. మజిమా గొంతు మామూలుగా మొదలై ఒక్కసారి కేకలోకి ఎగిరే తీరు అందులోనే బాగుంటుంది. ఓడదొంగల అడ్డా మ్యాడ్‌లాంటిస్ చేరాక కథ వెంట పరుగెత్తకుండా అక్కడి కొలీజియంలో, అంటే పోటీల గోదాలో, కొన్నాళ్లు ఆగండి. అక్కడొచ్చిన డబ్బుతో ముందు ఫిరంగులు కొనండి, తర్వాతే మజిమాకి తొడిగే కోట్లు, టోపీలు.