కస్టమ్స్ విలువ డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో: ఏళ్ల తరబడి వాడాక నా మాట

విశాఖ పోర్టు దగ్గర ఓ సీహెచ్ఏ (కస్టమ్స్ బ్రోకర్) ఆఫీసులో పని చేస్తాను. దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కి తెలిపే బిల్ ఆఫ్ ఎంట్రీతో పాటు సరుకు విలువ వివరాలు ఐస్‌గేట్‌లో, అంటే కస్టమ్స్ వాళ్ల పోర్టల్‌లో, ఫైల్ చేయడం రోజూ ఉండే పనే. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. 2018లో ఈ-సంచిత్ (పత్రాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాక కాగితాల కట్టలు మోసే బాధ తప్పింది. ఇన్వాయిస్, గ్యాట్ డిక్లరేషన్ (సరుకు విలువ ప్రకటన) డిజిటల్ సంతకంతో ఎక్కిస్తే ఒక్కోదానికి ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది, దాన్ని బిల్లుకు జతచేస్తే సరి. కస్టమ్స్ నుంచి క్వెరీ వచ్చినా సీట్లోంచే జవాబివ్వొచ్చు.

అసలు పనంతా ఫైల్ చేయడానికి ముందే ఉంటుంది. ఎఫ్‌ఓబీ ఇన్వాయిస్ (ఓడ రవాణా, ఇన్సూరెన్స్ కలపని ధర) 10,000 డాలర్లు అనుకుందాం. ఫ్రైట్ (రవాణా ఖర్చు) ఎంతో తేలకపోతే 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్ ప్రకారం 20 శాతం, అంటే 2,000 డాలర్లు కలపాలి. ఇన్సూరెన్స్ తెలియకపోతే 1.125 శాతం, అంటే 112.50. నిజంగా కట్టిన ఫ్రైట్ 600 డాలర్లే అయితే, ఒక్క ఫ్రైట్ సర్టిఫికెట్ తెప్పించనందుకు మిగతా 1,400 మీద ఊరికే డ్యూటీ కట్టినట్టే. మా పార్టీలకు, అంటే దిగుమతిదారులకు, ఎన్నిసార్లు చెప్పినా ఆ కాగితం చివరి నిమిషంలోనే వస్తుంది.

ఇన్వాయిస్‌లో కనపడనివి ఇంకా ఉంటాయి. రాయల్టీ, కమీషన్, సప్లయర్‌కి ఉచితంగా పంపిన అచ్చులు... ఆ రూల్స్‌లోని రూల్ 10 కింద ఇవీ విలువలో కలవాలి. అందుకే చెక్‌లిస్ట్ (ఫైల్ చేసేముందు సరిచూసుకునే బిల్లు ముసాయిదా) పంపేముందు దిగుమతిదారుకి ఫోన్ చేసి, "సార్, సప్లయర్‌కి విడిగా ఏమైనా ఇచ్చారా?" అని అడుగుతాను. "ఇన్వాయిస్‌లో ఉన్నదే వేసేయండి" అంటారు చాలామంది. అలా వేసేస్తే ఏ ఆడిట్‌లోనో బయటపడి వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది.

నాకు విసుగు తెప్పించేది మేం కొనుక్కున్న ఫైలింగ్ సాఫ్ట్‌వేర్. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ డీఎస్‌సీ టోకెన్‌ను (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరాన్ని) గుర్తుపట్టదు, తీసి మళ్లీ పెట్టాలి. ఏదైనా తప్పుంటే ఓ కోడ్ పడేసి ఊరుకుంటుంది. మామూలుగా ఓడ వచ్చే ముందు రోజుకల్లా బిల్లు ఫైల్ చేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆపైన రోజుకు 10,000. ఆ సాయంత్రాల టెన్షన్ అంతా ఇంతా కాదు.

మామూలు కొనుగోలైతే దిగుమతిదారు తనే లాగిన్ తెరుచుకుని ఫైల్ చేసుకోవచ్చు. అమ్మేవాళ్లు మీ మాతృసంస్థో, సొంత గ్రూపు కంపెనీయో అయితే మాత్రం వ్యవహారం కస్టమ్స్‌లో ఇలాంటి ధరల్ని పరిశీలించే స్పెషల్ వాల్యుయేషన్ బ్రాంచ్ దాకా వెళ్లొచ్చు. అలాంటప్పుడు అనుభవమున్న బ్రోకర్‌కి అప్పజెప్పండి.