అమెరికన్ ఓల్డీస్ రేడియో: ఏళ్ల తరబడి విన్నాక

ఓల్డీస్, అంటే పాత హిట్ పాటలు వేసే స్టేషన్లకి పాటల ఎంపికలో మంచి మార్కులే వేస్తాను. పాడినవాళ్లని చూసే తీరు దగ్గరే పేచీ. ఎంత పెద్ద గాయకుడికైనా దక్కేది రెండు మూడు పాటలు, అవీ పడుచువయసులో పాడినవి. పాల్ మెకార్ట్నీ 2018 ఆల్బమ్ అమెరికా చార్టులో వస్తూనే మొదటి స్థానం కొట్టింది. ఈ స్టేషన్లకి ఆయన ఇంకా జుట్టు పెంచుకున్న బీటిల్స్ బ్యాండ్ కుర్రాడే.

దీనికి మూలం మ్యూజిక్ టెస్ట్. శ్రోతల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, వందల పాటల్లోంచి ఏడెనిమిది సెకన్ల ముక్కలు వినిపించి మార్కులు వేయిస్తారు. విన్న మరుక్షణం గుర్తుపట్టాలి, లేకపోతే పాట ఎగిరిపోయినట్టే. కొత్త పాట ఆ గదిలో నెగ్గేదెలా?

ప్రకటనదారులకి కావలసింది 25–54 ఏళ్లవాళ్లు. 1964లో బీటిల్స్ అమెరికాలో దిగినప్పుడు పదిహేనేళ్లున్న పిల్లకి 2004లో 55 నిండాయి. మరుసటి ఏడాది జూన్‌లోనే న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూసీబీఎస్-ఎఫ్‌ఎం, 1972 నుంచి వేస్తున్న ఓల్డీస్‌ని ఎత్తేసి 'జాక్' అనే కలగూరగంప పెట్టింది. 2007 జూలైలో పాత పాటలు తిరిగొచ్చాయి గానీ 1964కి ముందువి చాలావరకు బయటే ఉండిపోయాయి. ఆ ముందుకాలపు రాక్ అండ్ రోల్ గాయకులు చక్ బెర్రీ, ఫ్యాట్స్ డామినో అప్పటికి బతికే ఉన్నారు. క్రమంగా 'ఓల్డీస్' అన్న మాట కూడా పక్కకి పోయి 'క్లాసిక్ హిట్స్' వచ్చింది. ముసలితనం వాసన తగలకూడదన్నమాట.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో ఎఫ్‌ఎం పాట వేస్తే రాసినవాళ్లకి, పబ్లిషర్‌కి రాయల్టీ వెళ్తుంది, పాడినవాళ్లకి సున్నా. అరీతా ఫ్రాంక్లిన్‌కి 1967లో ఎక్కడలేని పేరు తెచ్చిన పాట ఓటిస్ రెడ్డింగ్ రాసింది. అది ఎఫ్‌ఎంలో ఎన్నిసార్లు మోగినా ఆవిడకి పైసా రాలేదు. అదే స్టేషన్‌ని నెట్ స్ట్రీమ్‌లో వింటే లెక్క మారుతుంది: రికార్డింగ్ రాయల్టీలో 45 శాతం ప్రధాన గాయకులది, 5 శాతం వెనక పాడినవాళ్లది, వాయించినవాళ్లది, మిగతా సగం రికార్డింగ్ హక్కుదారుది. 1972కి ముందు రికార్డింగులకి ఈ హక్కు 2018 చట్టంతోగానీ రాలేదు. ముసలి గాయకుల మీద అభిమానం ఉంటే స్ట్రీమ్‌లోనే వినండి.

శబ్దంలోనూ ఒక మోసం ఉంది. కొన్ని స్టేషన్లు పాటని కాస్త వేగం పెంచి వేస్తాయి. రెండు శాతం పెంచితే మూడు నిమిషాల పాటలో మూడున్నర సెకన్లు మిగులుతాయి, శ్రుతి అర స్వరంలో మూడోవంతు పైకి పోతుంది. అసలు రికార్డు పక్కన పెట్టి స్టాప్‌వాచ్ నొక్కితే దొరికిపోతుంది. మొదటి పల్లవి మొదలయ్యే క్షణాన్నే కొలవండి, చివర్లో ఎలాగూ కత్తిరిస్తారు.

స్టేషన్ ఎంచుకునేముందు దాని వెబ్‌సైట్‌లో 'ఇటీవల వేసినవి' జాబితాని రెండ్రోజులు చూడండి. ఒకే గాయకుడికి వేర్వేరు పాటలెన్నో లెక్కపెట్టండి. నాలుగు దాటితే ఎవరో మనిషి కూర్చుని ఎంచుతున్నాడనుకోవచ్చు. వారాంతాల్లో చాలాచోట్ల ముందే రికార్డు చేసిన గొంతుతో కంప్యూటరే నడిపిస్తుంది. శనివారం ఏ పెద్దాయనో పోతే, ఆయన కుర్రగొంతుతో హుషారుగా పాడుతూనే ఉంటాడు. కబురు సోమవారం పొద్దున చెబుతారు.