పులికాట్ ఇంటర్న్‌షిప్‌కి డబ్బు కట్టబోతున్నారా? ముందు పర్మిట్ చూపించమనండి

చెన్నైలో జువాలజీ, బయోటెక్ చదువుతున్న మన తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోస్టర్ మళ్లీ తిరుగుతోంది. ‘తీరప్రాంత అభయారణ్యంలో సీజనల్ బయాలజీ ఇంటర్న్‌షిప్, ఆరు వారాలు, సర్టిఫికెట్ గ్యారంటీ.’ పోయిన జనవరిలో నేను దీనికే 18,500 రూపాయలు కట్టాను. మీరు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద బస్సులో పోతుంటే నీళ్ల మీద లేతగులాబీ గీత గీసినట్టు కనబడే ఫ్లెమింగోలను చూస్తూ పెరిగాను. అందుకే పోస్టర్‌లో పులికాట్ సరస్సు అన్న మాట కనబడగానే ఇంకేం ఆలోచించలేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఫీల్డ్ డేటా కావాలి, మా సరస్సు మీదే పని దొరుకుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. నాన్న వడ్లమ్మిన డబ్బులోంచి పంపితే, ఎవరో ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి కట్టేశాను. సంస్థకి సొంత అకౌంట్ ఎందుకు లేదని ఆ రోజే అడగాల్సింది.

‘అమెరికా తీరంలోని వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌ల స్థాయి శిక్షణ’ అని బ్రోషర్‌లో రాశారు. రెఫ్యూజ్ అంటే అక్కడి అభయారణ్యం. వాటి గురించి నేను తర్వాత చదివాను. అక్కడ సీజన్‌లో పని చేసే ఇంటర్న్‌లకు చాలాచోట్ల స్టైపెండ్ ఇస్తారు, ఉండటానికి గది ఇస్తారు. మసాచుసెట్స్‌లోని పార్కర్ రివర్ రెఫ్యూజ్‌లో అయితే పైపింగ్ ప్లోవర్ అనే పిడికెడంత పిట్ట గుడ్లు పెట్టుకోవాలని ఏప్రిల్ 1 నుంచి బీచ్‌లో ఎక్కువ భాగం మనుషులకు మూసేస్తారు. మా బ్రోషర్ అట్ట మీదున్న ఫొటో ఆ పిట్టదే. అది మన దేశానికి రాదు. జువాలజీ చదువుతూ నేను ఆ ఫొటో దగ్గరే ఆగి ఉండాల్సింది.

మొదటి రోజు మమ్మల్ని చెన్నై సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట లోకల్‌లో తడ దాకా తీసుకెళ్లి, భీమునివారిపాలెంలో పడవ ఎక్కించారు. 22 మందిమి, మధ్యలో రెండు బైనాక్యులర్లు. దూరంగా ఫ్లెమింగోలు తల కిందులు చేసి, ముక్కు నీళ్లలో ముంచి మేస్తున్నాయి. ఫొటోలు బాగా రావాలి, నేరుగా వాటి మీదికి పోనివ్వమని మా ‘సీనియర్ బయాలజిస్ట్’ పడవాయనకు చెప్పాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. “వద్దు సామీ, మేత మీదుండాయి, లేచిపోతాయి” అన్నాడు. వినలేదు. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. మోకాలి లోతు నీళ్లలో బురద వడకట్టుకుని తినే పక్షి అది. లేచిన ప్రతిసారీ మేత పోతుంది, ఒంట్లో ఓపిక పోతుంది. కాపాడటం నేర్చుకోవాలని పోయి, మేమే వాటిని తరిమాం.

తిరిగొస్తుంటే ఒడ్డున ఫారెస్టు వాచర్ నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూడగానే క్లిప్‌బోర్డులు సీటు కింద పెట్టేయమన్నారు. “టూరిస్టులం సార్” అని చెప్పారు. నా కాళ్ల కింద దాచిన ఆ అట్టను చూసినప్పుడు గానీ నాకు విషయం అర్థం కాలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అధ్యయనానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి, అంటే పర్మిట్ కావాలి. పులికాట్‌లో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, కొంత తమిళనాడులో ఉంది. ఎటువైపు పని చేస్తే ఆ రాష్ట్రం పర్మిట్ ఉండాలి. వీళ్ల దగ్గర రెండూ లేవు.

ఆ సాయంత్రం డేటా షీట్లు పంచారు. ‘గ్రేటర్ ఫ్లెమింగో: 1,240’ అని ముందే టైపు చేసి ఉంది. కింద సంతకం పెట్టమన్నారు. మాలో ఒక్కరం కూడా లెక్కపెట్టలేదు. నా పక్కన కూర్చున్న కర్నూలు అమ్మాయి రెండో కాగితం తిప్పి, “అక్కా, రేపటి షీట్‌లో కూడా ఇదే అంకె ఉంది” అంది. అలాంటి లెక్క పెట్టుకుని నేను థీసిస్ ఎలా రాయాలి? రేపు ఎవరైనా దాన్ని నమ్మి, ఈ సరస్సులో పక్షులు తగ్గలేదులే అనుకుంటే?

అయినా డబ్బు కట్టాం కదా అని ఇంకో మూడు వారాలు పోయాను. అదీ నా తప్పే.

ఫిబ్రవరిలో ఒక రాత్రి తాబేళ్ల సర్వే అని చెన్నైకి దక్షిణాన ఒక బీచ్‌కి తీసుకెళ్లారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టే కాలం అది. అందరి ఫోన్లలో తెల్ల లైట్లు వెలుగుతున్నాయి. ఆ వెలుతురు చూస్తే ఒడ్డుకొచ్చే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. ఇసుకలో ఒక గూడు దొరికింది. ఎప్పుడు పెట్టిందో వాళ్లకు తెలియదు. చేతులతో తవ్వేసి, ఒక గుడ్డు తీసి ఫొటో కోసం నా అరచేతిలో పెట్టారు. పింగ్‌పాంగ్ బంతి అంత ఉంది. పైన ఇసుక అంటుకుని, వేలు ఆనితే మెత్తగా లోపలికి పోతోంది. గుడ్డు పెట్టి కొన్ని గంటలు దాటాక దాన్ని అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చచ్చిపోవచ్చు. నా చెయ్యి వణికింది. ఎలా ఉన్నది అలాగే కదలకుండా దించి, అక్కణ్నుంచి లేచి వచ్చేశాను. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంత. 2025 జనవరిలో చెన్నై ఒడ్డుకు వందల కొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. అలా చావకుండా బతికి ఒడ్డు చేరిన ఒక తల్లి పెట్టిన గూడును మేం ఫొటోకి తవ్వాం. పొద్దున్నే అటవీ శాఖకి ఫోన్ చేసి చోటు చెప్పాను. ఆ గుడ్లు ఏమయ్యాయోనన్న బాధ ఇప్పటికీ పోలేదు.

డబ్బు వెనక్కివ్వమంటే సర్టిఫికెట్ పంపారు. ఆరు వారాలు పూర్తి చేశానని, ‘అత్యుత్తమ ప్రతిభ’ అని రాసి ఉంది. నేను మానేసిన తర్వాతి వారాలకు కూడా హాజరు వేశారు.

కాబట్టి ఎవరు ఎంత తియ్యగా మాట్లాడినా, పర్మిట్ కాగితం చూడకుండా రూపాయి కట్టకండి. అందులో ఏ అభయారణ్యం, ఏ తేదీలు, ఎవరి పేరు మీద ఉందో చదవండి. ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటే లేదనే అర్థం. అనుమానం ఉంటే సూళ్లూరుపేటలోని వైల్డ్‌లైఫ్ డివిజన్ ఆఫీసులోనో, చెన్నై వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆఫీసులోనో అడగండి. మీ గైడ్‌గా ఉన్న మేడమ్‌కో, సార్‌కో బ్రోషర్ చూపించండి. నేను చూపించి ఉంటే మా మేడమ్ మొదటి పేజీలోనే పట్టుకునేవారు.

నిజంగా ఫీల్డ్ నేర్చుకోవాలంటే వేలకు వేలు పొయ్యనక్కర్లేదు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి వాలంటీర్లే చేస్తున్నారు. చెన్నైలో తాబేళ్ల కోసం విద్యార్థులు 1988 నుంచి రాత్రిళ్లు బీచ్ వెంబడి నడుస్తున్నారు. గూడును ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో వాళ్ల వెనకాల ఒక్క రాత్రి నడిస్తే తెలుస్తుంది.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టాను. పోయిన సీజన్‌లో నాలాగే కట్టినవాళ్లుంటే యూపీఐ రసీదు, బ్రోషర్, టైపు చేసిచ్చిన ఆ షీట్లు దాచిపెట్టుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి. ఒకే అంకె ఉన్న రెండు షీట్లు నా దగ్గరున్నాయి. మీ దగ్గర కూడా ఉంటే మీరూ కంప్లయింట్ పెట్టండి.