ఒకే క్వెరీ, మూడు దారులు: వేగం ఎక్కడ కొలవడం మేలు?

డేటాబేస్ టూల్‌లో చిటికెలో ఫలితమిచ్చే క్వెరీ (డేటా కోసం డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) అప్లికేషన్‌లో నత్తనడక నడిస్తే అందరూ ముందు డ్రైవర్‌నే, అంటే అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌నే, అనుమానిస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది: రెండు చోట్లా వచ్చిన వరుసలు ఒకే సంఖ్యలో ఉన్నాయా?

డీబీవర్ అనే డేటాబేస్ టూల్ మామూలు సెట్టింగ్‌లో మొదటి 200 వరుసలే తెస్తుంది. అలాంటిదే మరో టూల్ మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ అయితే క్వెరీకి తానే 1000 వరుసల లిమిట్ పెడుతుంది. క్వెరీ రాసుకోవడానికి, డేటా తిరగేయడానికి ఇవే హాయి. వీటిలో కనిపించే సమయాన్ని అప్లికేషన్‌తో పోల్చడం మాత్రం అన్యాయం.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సర్వర్ పని ఎంతో తేల్చాలంటే నా ఓటు కమాండ్ లైన్‌కే. దాని కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అనే కమాండ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది, ఫలితాన్ని మాత్రం క్లయింట్‌కు పంపదు. టైమింగ్ ఆన్ చేసి అదే క్వెరీని మామూలుగా నడిపితే వరుసలు చేరడానికి పట్టిన సమయం కూడా కలుస్తుంది. రెండింటి మధ్య తేడా పెద్దదైతే ఇండెక్సులను (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచికలను) సరిచూడటం మాని నెట్‌వర్క్ వైపు చూడాలి. ప్రతి కొలతా ఒకటికి రెండుసార్లు తీయండి. మొదటిసారి డిస్క్ నుంచి చదివిన డేటా రెండోసారికి మెమరీలో ఉంటుంది.

అసలు చిక్కంతా జేడీబీసీ దగ్గరే, అంటే జావా అప్లికేషన్లు డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి దగ్గరే. ఒరాకిల్ డ్రైవర్ మామూలుగా ఒక్కో విడతకు 10 వరుసలే తెస్తుంది. లక్ష వరుసలకు 10,000 విడతలు! ఒక్కో రాకపోకకు 1 మిల్లీసెకను వేసుకున్నా ఊరికే ఎదురుచూడటానికే 10 సెకన్లు పోతాయి. ఫెచ్ సైజ్ (ఒక్కో విడతకు తెచ్చే వరుసల సంఖ్య) 500 చేస్తే అవి 200 విడతలే. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌ది పూర్తిగా వేరే పద్ధతి: ఏమీ చెప్పకపోతే మొత్తం ఫలితాన్ని ఒకేసారి మెమరీలోకి లాగేస్తుంది. అక్కడ ఫెచ్ సైజ్ పనిచేయాలంటే ఆటోకమిట్ (ప్రతి కమాండ్‌నూ వెంటనే ఖాయం చేసే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండాలి. చాలామంది ఈ షరతు గమనించక, సెట్టింగే పనిచేయదని వదిలేస్తారు.

యూజర్ ఎంతసేపు ఆగుతున్నాడో తెలియాలంటే అప్లికేషన్ నడిచే మెషీన్ నుంచే, అదే డ్రైవర్‌తో, అవే పారామీటర్లతో (క్వెరీకి అందించే విలువలతో) కొలవాలి. పారామీటర్ల సంగతి ఎందుకంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్ జేడీబీసీ డ్రైవర్ స్ట్రింగులను (టెక్స్ట్ విలువలను) మామూలుగా యూనికోడ్‌గా, అంటే అన్ని భాషల అక్షరాలకూ సరిపడే రూపంలో, పంపుతుంది. కాలమ్ యూనికోడ్ కాని వార్‌చార్ రకమైతే ఒక్కోసారి ఇండెక్స్‌లో సూటిగా వెతకాల్సింది పోయి మొత్తం స్కాన్ చేయాల్సి వస్తుంది. యూనికోడ్‌గా పంపే ఆ సెట్టింగ్ మార్చుకోవచ్చు, కానీ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ రకం) కాలమ్స్‌లో పలు భాషల టెక్స్ట్ ఉంటే దాన్ని ముట్టుకోకండి, అక్షరాలు పోతాయి.