బరంపురం జెరాక్స్ షాపు సోషియాలజీ థియరీ నోట్స్: కలర్ అట్టది వద్దు, చేతిరాతది అడగండి

డైరెక్టుగా పాయింటుకి వచ్చేస్తాను. ఒడిశా బరంపురంలో కాలేజీ పిల్లలు తిరిగే రోడ్డు మీద ఒక జెరాక్స్ షాపులో సోషియాలజీ థియరీ నోట్స్ రెండు రకాలు అమ్ముతున్నారు. ఒకటి కంప్యూటర్ ప్రింటు, కలర్ అట్ట, మీద ఎవరిదో గడ్డం బొమ్మ (మార్క్స్ అనుకుంటాం గానీ చూస్తే టాగూర్ లాగున్నాడు), 260 రూపాయలు. రెండోది ఎవరో సీనియర్ అమ్మాయి చేత్తో రాసుకున్న నోట్సుకి జెరాక్స్ మీద జెరాక్స్, 180. వచ్చినోళ్ళందరూ మొదటిదే పట్టుకుపోతున్నారు, అడగకపోతే రెండోది ఉందని కూడా చెప్పరు. నేను రెండూ కొని రెండూ చదివాను కాబట్టి రాస్తున్నాను. షాపు పేరు రాయను, షాపు భాయినా (అన్న) మంచోడే, ప్రింటు నోట్స్ ఆయన రాసింది కాదు కదా.

ఎవరికి పనికొస్తదంటే ఎమ్మే వాళ్ళకి, యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసేవాళ్ళకి, సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళకి. పర్లాకిమిడి, గుణుపురం, అటు ఇచ్చాపురం నుంచి కూడా పిల్లలొస్తున్నారు, మనకి తెలుగులో ఈ సబ్జెక్ట్ మెటీరియల్ దొరికేదే తక్కువ, ఇక్కడేమో క్లాసులో ఒడియా ఇంగ్లీషు కలిపి చెప్తారు, ఇంటికొచ్చి తెలుగులో ఆలోచించుకోవాలి, మన బాధ మనకే తెలుసు.

ముందు ప్రింటు నోట్స్ సంగతి. చూడ్డానికి నీట్‌గా ఉంటది, హెడ్డింగులు, బాణాలు, బాక్సులు అన్నీ ఉంటాయి. లోపల ఫ్రెంచి సోషియాలజిస్టు డర్కీమ్ దగ్గరే కాలు జారిపోయింది. సాలిడారిటీ అంటే జనాన్ని కలిపి ఉంచేది. మెకానికల్ సాలిడారిటీ అంటే మోడర్న్ సొసైటీ, ఆర్గానిక్ అంటే పల్లెటూళ్ళు అని తిరగేసి రాశారు. ఆర్గానిక్ అనగానే ఎరువుల్లేని కూరగాయలు గుర్తొచ్చినట్టున్నాయి టైప్ చేసినోడికి. అసలు సంగతి ఏటంటే అందరూ ఒకే పని, ఒకే నమ్మకం, ఒకేలాంటి బతుకుతో కలిసి ఉంటే మెకానికల్, పనులు పంచుకుని ఒకడి మీద ఒకడు ఆధారపడి కలిసి ఉంటే ఆర్గానిక్, 1893 నాటి మాట ఇది. నెట్ పేపర్ టూలో 100 ప్రశ్నలకి 200 మార్కులు, నెగటివ్ లేదు నిజమే, కానీ ఇలాంటి బేసిక్ దగ్గర తప్పు నేర్చుకుంటే దాని మీద వచ్చే నాలుగైదు ప్రశ్నలూ ఒక్కసారే ఎగిరిపోతాయి.

ఇంకోటి, ఆత్మహత్యల మీద డర్కీమ్ చేసిన స్టడీకి 1879 అని వేశారు. అది 1897. 1879 అంటే ఆయన పారిస్‌లో కాలేజీలో చేరిన ఏడాది, అప్పటికి 21 ఏళ్ళ కుర్రాడు. రకాలు కూడా మూడే రాశారు, ఇగోయిస్టిక్ (నలుగురితో బంధం తెగి), ఆల్ట్రూయిస్టిక్ (గుంపు కోసం), అనోమిక్ (కట్టుబాట్లు సడలి). నాలుగోది ఫేటలిస్టిక్ (కట్టుబాట్లు మరీ బిగిసి), డర్కీమ్ కూడా దాన్ని ఫుట్‌నోట్లో పడేశాడు కాబట్టి కొంచెం క్షమించొచ్చు, కానీ ఎగ్జామ్ పేపర్ సెట్ చేసేవాళ్ళకి ఫుట్‌నోట్లంటేనే ప్రాణం.

జర్మన్ సోషియాలజిస్టు వెబర్ దగ్గర ఇంకా ఘోరం. ఐడియల్ టైప్ అంటే అన్నిటికంటే మంచి రకం అని రాసి, కాబట్టి బ్యూరోక్రసీని (రూల్స్ మీద నడిచే ఆఫీసు పాలనని) వెబర్ మెచ్చుకున్నాడు అని తేల్చేశారు. పోల్చి చూసుకోడానికి మనం తయారుచేసుకునే కొలబద్ద అది, మంచి చెడ్డలతో సంబంధం లేదు. బ్యూరోక్రసీ పని బాగా జరిపిస్తదని వెబర్ ఒప్పుకున్నాడు గానీ దాంట్లో మనిషి ఇరుక్కుపోతాడని భయపడ్డాడు కూడా. ఈ భయం లేకుండా వెబర్‌ని చదివితే సగం వెబరే.

ఇప్పుడు చేతిరాత కాపీ. మొదట చూసి నాకూ వద్దనిపించింది, ఇండెక్స్ లేదు, పేజీ నంబర్లు కొన్నిచోట్ల కోసుకుపోయాయి. మెయిన్ నోట్స్ ఇంగ్లీషులో, పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంది ఆ అమ్మాయి. ఆ మార్జిన్లే అసలు సరుకు. పేరు ఎక్కడా లేదు, రాతని బట్టి చూస్తే మన బరంపురం తెలుగే, "ఏటి" "ఎల్లింది" అని అచ్చం ఇంట్లో మాట్లాడినట్టే ఉంటది.

డర్కీమ్ మతం గురించి 1912లో రాసినదాంట్లో జనం ఒకచోట గుమిగూడినప్పుడు పుట్టే ఊపు గురించి ఉంటది కదా, కలెక్టివ్ ఎఫర్వెసెన్స్ అని. ఆయన ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి చెప్పాడు, అక్కడికి ఎల్లకుండానే, వేరేవాళ్ళు రాసిన రిపోర్టులు చదివి. ఈ అమ్మాయి దాని పక్కన మన ఠాకురాణి యాత్ర రాసుకుంది. రెండేళ్ళకోసారి అమ్మవారు దేశీబెహరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తది, ఊరంతా రాత్రుళ్ళు నిద్రపోదు, పులివేషాలు, డప్పులు, మనకి తెలిసిందే. ఆమె రాసిన వాక్యం ఇది: "ఘటం మా వీధికొచ్చినప్పుడు గోడ కేసు నడుస్తున్న రెండిళ్ళోళ్ళూ ఒకే అరుగు మీద నించున్నారు." ఇంతకంటే బాగా ఏ ప్రొఫెసర్ చెప్పగలడు చెప్పండి. దాని కిందే ఇంకో ఇంకుతో, బహుశా తర్వాతెప్పుడో, "మరి చందా ఎవరు ఎంత ఇచ్చారో లిస్టు చదివారు కదా, ఎవరి పేరు ముందు?" అని రాసుకుంది. అంటే కాన్‌ఫ్లిక్ట్ థియరీ (సమాజంలో ఎవరిది పైచేయి అని చూసే మార్క్స్ దారి) ఆ ఒక్క లైన్లో వచ్చేసింది. ఇంకా కింద, "పులివేషం కట్టినోడిని ఎందుకు కట్టావని అడిగితే కొడుక్కి జ్వరం తగ్గితే మొక్కు అన్నాడు, ఇది వెబర్". మనిషి తను చేసేదానికి తను ఇచ్చుకునే అర్థం నుంచి మొదలెట్టాలనేది వెబర్ పద్ధతి. ఒక్క జాతరని ముగ్గురి కళ్ళతో చూపించేసింది. ప్రింటు నోట్స్‌లో ఇదే విషయానికి మూడు గడుల టేబుల్ ఉంది, ఫంక్షనలిజం (సమాజాన్ని కలిపి ఉంచేదేటని చూసేది), కాన్‌ఫ్లిక్ట్, ఇంటరాక్షనిజం (మనుషులు చేసేదానికి ఇచ్చుకునే అర్థాలు చూసేది), ఒక్కోదానికి నాలుగు బుల్లెట్లు. బట్టీ కొట్టొచ్చు. పరీక్షలో ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే టేబుల్ మాట్లాడదు.

మార్క్స్ ఏలియనేషన్ (పనోడు తన పనికే పరాయి అవడం) దగ్గర సూరత్ ఉంది. మన గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి ఎల్లినోళ్ళు లేని ఊరుందా? మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల షిఫ్టు, గదిలో రాత్రి షిఫ్టోడు లేచిన పరుపు మీద పగలు షిఫ్టోడు పడుకోడం. 1844లో మార్క్స్ రాసుకున్న నాలుగు రకాల పరాయితనం, చేసిన వస్తువు నుంచి, చేసే పని నుంచి, సాటి మనిషి నుంచి, మనిషితనం నుంచి, నాలుగూ ఆ గదిలోనే చూపించింది. పక్కనే చిన్న అక్షరాల్లో, ఇంట్లో మగ్గం మీద పట్టు చీర నేసే తాతకి కుంభం అంచు (బరంపురం చీర అంచు డిజైను) తనదే అన్న గర్వం ఉంది, కానీ నూలు, డిజైను, రేటు అన్నీ మాస్టర్ వీవర్ (పని ఇచ్చే ఆసామి) చేతిలో ఉన్నాయి, మరి ఇతను ఏలియనేట్ అయినట్టా కాదా అని ప్రశ్న వేసి వదిలేసింది. జవాబు రాయలేదు. నేను రెండు రోజులు దాని మీదే ఉన్నాను, ఫ్రెండ్స్‌తో గొడవ కూడా అయింది.

పాతకాలపు థింకర్స్ ఆగస్ట్ కోంత్, స్పెన్సర్ మామూలుగానే ఉన్నారు, రెండు నోట్సుల్లోనూ ఒకటే. పార్సన్స్ అంటే ఈ అమ్మాయికి అస్సలు పడదు, ఏ-జీ-ఐ-ఎల్ (సమాజం నిలబడాలంటే తీరాల్సిన నాలుగు అవసరాలు) నాలుగు గడుల బొమ్మ గీసి పక్కన నిద్రపోతున్న మొహం వేసింది. నవ్వొచ్చింది గానీ సివిల్స్ పేపర్ వన్ సిలబస్‌లో పేరు పెట్టి ఇచ్చిన ఆరుగురిలో పార్సన్స్ ఒకడు, మార్క్స్, డర్కీమ్, వెబర్, మెర్టన్, మీడ్ తో పాటు. అక్కడ ప్రింటు నోట్సే నయం.

స్ట్రాటిఫికేషన్‌లో (సమాజంలో మెట్లు, అంతస్తుల సంగతి) మాత్రం ప్రింటుది మళ్ళీ మోసం చేసింది. డేవిస్, మూర్ 1945లో చెప్పినదే, ముఖ్యమైన పనులకి టాలెంట్ ఉన్నోళ్ళు రావాలంటే ఎక్కువ జీతం ఎక్కువ గౌరవం ఉండాలి కాబట్టి అసమానత అన్ని సమాజాల్లో ఉంటది అని, వేసి ఊరుకున్నారు. 1953లో ట్యూమిన్ దాన్ని ఉతికి ఆరేశాడు, ఏ పని ముఖ్యమో ఎవరు తేల్చారు, అందరి పిల్లలకీ టాలెంట్ చూపించే ఛాన్సే రానప్పుడు టాలెంట్ ఎక్కడుందో ఎలా తెలుస్తది అని. ట్యూమిన్ లేకుండా రాస్తే పది మార్కుల ఆన్సర్ నాలుగు దగ్గర ఆగిపోద్ది. చేతిరాత కాపీలో ట్యూమిన్‌కి పేజీన్నర.

నాకు బాగా నచ్చింది గార్ఫింకెల్ పేజీ. ఆయన స్టూడెంట్లకి ఒక పని చెప్పాడు, మీ ఇంట్లో మీరే అద్దెకున్నవాళ్ళలాగ మర్యాదగా ఉండి చూడండి, ఏమవుద్దో రాయండి అని. ఇంట్లోవాళ్ళు కంగారు పడ్డారు, ఒంట్లో బాలేదా అన్నారు, కొందరు కోప్పడ్డారు. రోజూ మనం పట్టించుకోని రూల్స్ మీదే ఇల్లు నడుస్తుందని అలా చూపించాడు, ఎత్నోమెథడాలజీ అంటే అదే, 1967లో పుస్తకంగా వచ్చింది. ఈ అమ్మాయి ఊరుకుందా, ఇంట్లో ట్రై చేసింది. మార్జిన్లో ఇలా ఉంది: "అమ్మా, మీకు ఇబ్బంది లేకపోతే కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా అన్నాను. అమ్మ: ఏటే, ఏమైందే నీకు, ఎవరైనా ఏటైనా అన్నారా? నాన్న పేపర్ దించి చూశాడు. అన్నం పెట్టాక థాంక్సండీ అన్నాను. రాత్రి దిష్టి తీసింది." దిష్టి తీసింది అన్నదాని కింద రెండు గీతలు. ఇది చదివాక గార్ఫింకెల్ ఎవడు మర్చిపోతాడు.

గాఫ్‌మన్‌కి (మనుషులు జనం ముందు ఒకలా, చాటున ఒకలా ఉంటారని నాటకంతో పోల్చినాయన) చీరల షాపు. కౌంటర్ దగ్గర ఒడియాలో తియ్యగా మాటలు, లోపల గోడౌన్ తలుపు దాటగానే తెలుగులో తిట్లు, ఫ్రంట్ స్టేజ్ బ్యాక్ స్టేజ్ అయిపోయింది. వెబర్ ఆఫీసు సంగతికి కుల సర్టిఫికెట్ ఉదాహరణ ఇచ్చింది, వెనకబడిన కులాల లిస్టు ఆంధ్రలో వేరు, ఒడిశాలో వేరు, తాతగారి కాగితం ఇక్కడ చూపిస్తే ఫైలుకి మనిషి కనపడడు, రూల్ కనపడతది. నేనూ ఒక ఆఫీసులో ఆ బెంచీ మీద కూర్చున్నోడినే కాబట్టి ఇక్కడ వివరాలు వద్దు.

ఇండియన్ థింకర్స్ దగ్గరికొస్తే తేడా కొట్టొచ్చినట్టు కనపడతది. ప్రింటుదాంట్లో అంబేడ్కర్‌ని సంఘ సంస్కర్తలు అని చెప్పి గాంధీ పక్కన నాలుగు లైన్లలో కూర్చోబెట్టారు. చేతిరాతలో సోషియాలజిస్టు ఎమ్.ఎన్. శ్రీనివాస్ కంటే ముందు అంబేడ్కర్‌కే నాలుగు పేజీలు. 1916 మే 9న అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో, 25 ఏళ్ళ వయసులో, కులం ఎలా పుట్టి ఎలా నిలబడుతుందో పేపర్ చదివాడు, సొంత కులంలోనే పెళ్ళి అనే కట్టుబాటే కులానికి ఇరుసు అన్నాడు, కులం అంటే తలుపులు మూసుకున్న వర్గం అన్నాడు. అది సిద్ధాంతం కాకపోతే ఇంకేది సిద్ధాంతం? శ్రీనివాస్ సంస్కృతీకరణ (కింది కులం పై కులం అలవాట్లు పట్టి మెట్టెక్కడం) తర్వాత ఎఫ్.జి. బెయిలీ అనే పరిశోధకుణ్ణి పెట్టింది, ఇది మాత్రం మనోళ్ళు తప్పక చదవాలి. మన పక్కనే కంధమాల్ కొండల్లో బిసిపడా అనే ఊళ్ళో ఆయన చేసిన స్టడీ 1957లో వచ్చింది. అక్కడ సారా వ్యాపారం చేసే కులాలోళ్ళు, వాళ్ళలో గంజాం నుంచి ఎల్లినవాళ్ళు కూడా ఉన్నారు, డబ్బు సంపాదించి భూములు కొని అలవాట్లు మార్చుకుని మెట్టు పైకెక్కారు. అదే ఊళ్ళో అంటరానోళ్ళుగా చూసే పాణ కులం వాళ్ళకీ చేతిలో కొంచెం డబ్బు ఆడింది, వాళ్ళని మాత్రం గీత దాటనివ్వలేదు. మార్జిన్లో "సంస్కృతీకరణ ఎక్కడ ఆగుతుందో ఇక్కడ తెలుస్తది" అని ఉంది. ప్రింటు నోట్స్‌లో బెయిలీ పేరే లేదు, దూబే చేసిన శామీర్‌పేట కూడా లేదు, తెలుగు ఊరు మీద చేసిన స్టడీ అది, 1955.

చేతిరాత కాపీలో లోపాలు లేవా అంటే బోలెడు. బూర్దియూ మధ్యలో కొన్ని పేజీలు మిస్సింగ్, హేబిటస్ (పెరిగిన తీరుతో ఒంటబట్టిన అలవాట్లు) మొదలై సడన్‌గా గిడెన్స్‌లోకి పోద్ది. ఫూకో అర పేజీ. హేబర్మాస్ పేరు ఒక్కసారి, అదీ తప్పు స్పెల్లింగ్. నెట్ మొదటి యూనిట్‌లో వీళ్ళందరూ ఉన్నారు కాబట్టి ఆ భాగానికి వేరే ఏదో చూసుకోవాల్సిందే. పెన్సిల్ మార్జిన్లు కొన్ని కాపీల్లో అసలు పడట్లేదు, నాది మొదట ఇచ్చిన కాపీలో సగం మార్జిన్లు తెల్లగా వచ్చాయి, మార్చమంటే "చదవడానికి లైన్లున్నాయి కదా బాబూ" అన్నాడు. కొంచెం గట్టిగా అడిగితే టోనర్ మార్చి మళ్ళీ కొట్టిచ్చాడు, ఎక్స్‌ట్రా తీసుకోలేదు, అది ప్లస్సే.

రేటింగ్: ప్రింటుదానికి 5కి 1.5, ఆ అర కూడా పార్సన్స్‌కే. చేతిరాతదానికి 4. షాపు సర్వీసుకి 3.

కొనేటప్పుడు కౌంటర్ మీద వేలాడేవి చూసి మోసపోవద్దు, "పాత దీదీ నోట్స్" అని అడగండి, లోపల నుంచి తీస్తాడు. డబ్బులిచ్చే ముందు గార్ఫింకెల్ పేజీ తెరిచి మార్జిన్లో దిష్టి లైను కనపడుతుందో లేదో చూడండి, అది కనపడితే మిగతావన్నీ కనపడతాయి. స్పైరల్ పలచటిది వేస్తున్నాడు, పది రూపాయలు ఎక్కువిచ్చి లావుది వేయించుకోండి. సాయంత్రం ఆరు తర్వాత ఎల్లొద్దు, అప్పుడు ప్రాజెక్ట్ బైండింగుల రష్, మాట కూడా వినడు. దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందు రోజు ఎవరినైనా పంపి చెప్పించండి, ఫోన్లో ఆర్డర్ తీసుకోడు. ఆ సీనియర్ ఎవరో తెలిసినవాళ్ళుంటే బూర్దియూ పేజీలు ఆమె దగ్గర ఉన్నాయేమో కనుక్కుని షాపులో ఇప్పించండి ప్లీజ్.